రాగము, రంగము: పియానో మెట్లపై రాగస్వరూపవిచారము

రాగశబ్దము రంజధాతువునకు ఘఞ్ ప్రత్యయము చేరుటచేతఁ గలిగినది. ఆ ధాతుప్రత్యయములనుండియే రంగశబ్దమును గలుగుచున్నది. ఈ రెండింటిని విడఁదీయు నియమము పాణిని యష్టాధ్యాయి యాఱవ యధ్యాయమునందుఁ గలదు. భావార్థమునఁ గాని కరణార్థమునఁ గాని ఘఞ్ వచ్చినపుడు రంజధాతువులోని యనునాసికము లోపించును. తక్కిన యర్థములందు నిలుచును. కావున దేనిచేత మనస్సు రంజిల్లునో యది రాగము. దేనియందు జనులు రంజిల్లుదురో యది రంగము. ఒకటి సాధనము, వేఱొకటి స్థానము. ధాతు వొక్కటియే, ప్రత్యయ మొక్కటియే. అయినను నొక యనునాసికము నిలుచుటచేతను లోపించుటచేతను అర్థ మింతగా మాఱినది.

వైయాకరణుల కుపయోగించు నీ సూక్ష్మభేదము నేఁడు సంగీతవిద్యార్థికి మఱింత యవసరమైనది. విద్యుచ్ఛక్తిచేఁ బలుకు కీబోర్డులు సామాన్యగృహములందును గానవచ్చుచున్న కాల మిది. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలోని జవహర్‌నగరు వంటి నగరోపాంతమున నొక బాలుఁ డున్నాఁ డనుకొందురు గాక. వానికి గురువు దూరము, కీబోర్డు దగ్గఱ. ఆరోహణావరోహణములు వ్రాసిన కాగిత మొకటి వాని చేతికి వచ్చును. అందు వ్రాసిన క్రమముననే మెట్లు నొక్కును. స్వరములు తప్పక పలుకును. కాని విన్న పెద్దలు ఇది తోడి యని యొప్పుకొనరు. అప్పుడు వాఁడు తన చెవియే మంచిది కాదని క్రుంగును, లేదా రాగభేదములన్నియుఁ బెద్దలు కల్పించిన మాటలే యని తోసివేయును. ఈ రెండు నిశ్చయములును దప్పే. వాఁడు నొక్కినది రంగము; పెద్దలు వెదకినది రాగము. ఆ రెంటి నడుమ నున్న దూర మెంతయో, పియానో మెట్లపై నెంతవఱకు దానిని దాటవచ్చునో యిందు విచారింపఁబడుచున్నది.

పియానో ఇటలీదేశమునఁ బుట్టినది. 1700 ప్రాంతమున ఫ్లారెన్సునగరమునందు బార్తొలొమియో క్రిస్తోఫరి యను వాద్యశిల్పి దీనిని నిర్మించెను. మెట్టు నొక్కఁగానే లోపల నొక చిన్నసుత్తి యెగసి తీఁగను గొట్టి వెంటనే వెనుకకు మఱలును. నేఁటి పూర్ణప్రమాణపు పియానోకు 88 మెట్లు. అందు 52 తెల్లనివి, 36 నల్లనివి. నల్లమెట్లు రెండును మూఁడును గుంపులుగా నమరియుండును. ఒక్కొక్క స్థాయియందు ఏడు తెల్లవియు నైదు నల్లవియుఁ గలిసి పండ్రెండు మెట్లు. రెండు నల్లమెట్ల గుంపున కెడమప్రక్క నానుకొనియున్న తెల్లమెట్టునకు సి యని పేరు.

ఈ పండ్రెండు స్థానములు దక్షిణదేశీయులకుఁ గ్రొత్తవి కావు. వీణయందును స్థాయికిఁ బండ్రెండే మెట్లు. రెండు స్థాయులకు ఇరువదినాలుగు. తంజావూరు నేలిన యాంధ్రప్రభువు రఘునాథనాయకుని కాలమున (1600–1634) ఇరువదినాలుగు మెట్ల వీణ రూపొందెనని ప్రసిద్ధి. అంతకు ముందే విజయనగరమున అళియ రామరాయల ప్రేరణచే రామామాత్యుఁడు 1550లో స్వరమేళకళానిధిని రచించి, వీణపై మెట్లను నిలుపు విధమును, ఇరువది మేళములను వివరించెను. రఘునాథనాయకుని మంత్రియైన గోవిందదీక్షితుని కుమారుఁడు వేంకటమఖి చతుర్దండీప్రకాశికయందు ఈ పండ్రెండు స్థానములనుండి డెబ్బదిరెండు మేళములను గణితక్రమమున సాధించెను. తెలుగువారు వీణయందలి దానిని మెట్టనియే యందురు. పియానోయందలి దానిని మెట్టనియే యందురు. ఈ పేరు పెట్టినవారు రెండింటి సామ్యమును సరిగనే గుర్తించిరి. స్థానముల సంఖ్యయందు రెండు వాద్యములకును భేదము లేదు. భేదము వేఱొక చోట నున్నది. దానిని ముందు చెప్పఁగలము.

మొదట మేళమును మెట్లపై నేర్పఱచు విధము. విద్యార్థి ముందుగా షడ్జమును నిశ్చయించుకొనవలెను. గాయకులు తమ కంఠమును గూర్చి ఒకటి శ్రుతి, ఒకటిన్నర శ్రుతి, ఐదు శ్రుతి యని చెప్పుకొను మాటలు మెట్ల లెక్కయే. సి మెట్టు ఒకటి, దాని కుడిప్రక్కనున్న నల్లమెట్టు ఒకటిన్నర, తరువాతి తెల్లమెట్టు రెండు. ఇట్లు లెక్కింపఁగా నైదవ తెల్లమెట్టు ఐదు శ్రుతి యగును. ఏ మెట్టును షడ్జముగా గైకొన్నను మేళము చెడదు. మెట్ల నడుమనుండు దూరములు మాత్రమే మేళమును నిర్ణయించును. అకారాంతశబ్దమునకుఁ జెప్పిన విభక్తిక్రమము రామశబ్దమునకును వృక్షశబ్దమునకును సమానమైనట్లు, ఒక మేళమునకుఁ జెప్పిన దూరక్రమము పండ్రెండు షడ్జములకును సమానమే.

బాలురకు సరళీస్వరములు నేర్పునపుడు వాడఁబడు మాయామాళవగౌళ వేంకటమఖి సంప్రదాయమునఁ బదునైదవ మేళము. షడ్జమునుండి శుద్ధరిషభమునకు ఒక మెట్టు దూరము, అచటినుండి అంతరగాంధారమునకు మూఁడు, శుద్ధమధ్యమమునకు ఒకటి, పంచమమునకు రెండు, శుద్ధధైవతమునకు ఒకటి, కాకలినిషాదమునకు మూఁడు, తారషడ్జమునకు ఒకటి. ఈ లెక్కయందు పూర్వాంగమున ఒకటి, మూఁడు, ఒకటి. ఉత్తరాంగమునను ఒకటి, మూఁడు, ఒకటి. రెండంగములును నొకే యచ్చున పోసినట్లుండుటచేత బాలుని చెవికిని వ్రేళ్లకును నీ మేళము సులభముగా నిలుచును. షడ్జము సి యైనచో నల్లమెట్లు రెండే వచ్చును: రిషభ మొకటి, ధైవత మొకటి. ఇరువదితొమ్మిదవదైన శంకరాభరణమునకు దూరములు రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. సి మొదలుకొని తెల్లమెట్లన్నిటిని వరుసగా నొక్కినచో నీ మేళ మేర్పడును. పాశ్చాత్యులు మేజరు స్కేలనునది యిదియే.

ఒకే మెట్టునకు రెండు పేర్లు గలుగుటయు నిచట నెఱుఁగవలయును. షడ్జమునుండి రెండవ మెట్టు ఒకచోఁ జతుశ్శ్రుతిరిషభము, వేఱొకచో శుద్ధగాంధారము. వనమను నపుంసకలింగశబ్దమునకు సంస్కృతమునఁ బ్రథమైకవచనమును ద్వితీయైకవచనమును నొకే రూపము. వాక్యసందర్భమే యది కర్తయో కర్మయో తెలుపును. మెట్టు విషయమును నట్టిదే.

ఇంతవఱకుఁ జెప్పినది రంగము. ఇది తెలిసినంతనే రాగము తెలియదనుటకుఁ బియానోయే సాక్ష్యమిచ్చును. విద్యార్థి తెల్లమెట్లను విడిచి నల్లమెట్ల నైదింటిని మాత్రము గ్రహించునుగాక. మూఁడు నల్లమెట్ల గుంపులో మొదటిదానిని షడ్జముగా నుంచి వరుసగా నొక్కినచో మోహనము. అదే గుంపులో రెండవది షడ్జమైనచో మధ్యమావతి. మూఁడవది షడ్జమైనచో హిందోళము. రెండు మెట్ల గుంపులోని మొదటిది షడ్జమైనచో శుద్ధసావేరి. రెండవది షడ్జమైనచో శుద్ధధన్యాసి. మెట్లు మాఱలేదు, వ్రేళ్లు వేఱొక మెట్టును దాఁకలేదు, రాగము లైదయ్యెను. దీనిని గ్రహభేద మందురు. మెట్లయందే రాగ మున్నచో నైదు మెట్లనుండి యైదు రాగములు పుట్టనేరవు. ఏ స్వరమునకు మనస్సు తిరిగి వచ్చి విశ్రమించునో దానినిబట్టి తక్కిన స్వరములు తమ యర్థమును బొందుచున్నవి. కావుననే తంబురా లేని పాట యాధారము లేని మాటవంటిది. పియానో వాయించువాఁడు ఎడమచేత షడ్జపంచమములను మాటిమాటికిఁ దాఁకుచుండుట కిదియే కారణము. పంచమము లేని హిందోళాదులకు షడ్జమధ్యమములు తగును.

ఇంతకన్న సూక్ష్మమైన నిదర్శన మొకటి కలదు. ఆరభి, దేవగాంధారి యను రాగములకు ఆరోహణమొక్కటియే, అవరోహణ మొక్కటియే. ఎక్కునపుడు గాంధారనిషాదములు వర్జ్యములు; దిగునపుడు సంపూర్ణము. షడ్జమును నొక్కటియే. కాగితముపై వీనిని వేఱు చేయుట యసాధ్యము. అయినను త్యాగరాజస్వామి పంచరత్నములలో ఆరభియందలి సాధించెనే యనునదియు, దేవగాంధారియందలి క్షీరసాగరశయన యనునదియు విన్న సామాన్యశ్రోత సైతము ఈ రెండు నొక రాగమని భ్రమింపఁడు. ఆరభి స్వరములు త్వరగను దిన్నగను నడచును. దేవగాంధారి స్వరములు విలంబమున నూఁగుచుఁ బలుకును. ఈ భేదము స్వరములలో లేదు, స్వరమునుండి స్వరమునకుఁ బోవు త్రోవలోనున్నది. ఆ త్రోవకే గమకమని పేరు.

పియానోకును వీణకును గల భేద మిచటఁ దెలియును. వీణమెట్టుపై వ్రేలుంచి తీఁగను బ్రక్కకు లాఁగినచో నా మెట్టునందే పైస్వరములు పలుకును. మెట్టు స్థానమును జూపును గాని స్వరమును బంధింపదు. పియానోయందు సుత్తి తీఁగను దాఁకిన పిదప వాద్యకుని చేతిలో నేమియు లేదు. ఆ ధ్వని క్రమముగా క్షీణించును. దానిని బెంచుటయుఁ గుదరదు, పైకిఁ గాని క్రిందికిఁ గాని జరుపుటయుఁ గుదరదు. తోడిరాగమునందు సాధారణగాంధారము నిలుకడగా నుండక రిషభమధ్యమముల నడుమ నూఁగును. వీణపై నది యొక్క స్వరము. పియానోపై నా చలనమును రెండు మూఁడు మెట్లకుఁ బంచినచో రెండు మూఁడు స్వరములగును. తోడి యచటనే జాఱిపోవును.

వేదాధ్యయనపరుల కీ భేద మొక మాటలోఁ దెలియఁగలదు. ఉదాత్తము నెత్తుస్వరము, అనుదాత్తము తగ్గుస్వరము. స్వరిత మీ రెంటి సమాహారమని పాణిని చెప్పెను. అందుఁ దొలి యర్ధమాత్ర యుదాత్తము, మిగిలినది యనుదాత్తమనియు విభజించెను. అనఁగా నొక యచ్చు పలికి ముగియకమునుపే ధ్వని యెత్తునుండి క్రిందికి దిగును. దీనిని రెండచ్చులుగాఁ బలికినచో స్వరితము గాదు. పియానో ఉదాత్తమును బలుకును, అనుదాత్తమును బలుకును. స్వరితమును మాత్రము పలుకనేరదు. గమకములలో నధికభాగము స్వరితజాతికిఁ జెందినవే.

అట్లయినచోఁ బియానోను విడువవలసినదేనా? విడువ నక్కఱలేదు. సంహితాపాఠమునకుఁ బ్రక్కన బదపాఠమును బెద్ద లేర్పఱచిరి. పదపాఠమున సంధులు విడివడును. ప్రతిపదము వేఱువేఱుగా నిలుచును. అది యర్థమును దెలిసికొనుటకు మిక్కిలి యుపకారకము. కాని యజ్ఞమునఁ బలుకఁబడునది సంహితయే. పియానో రాగమునకుఁ బదపాఠమువంటిది. ఏ రాగమున నే స్వరము గలదు, ఏది వర్జ్యము, రెండు రాగములకు నెచట నెడఁబాటు కలుగుచున్నది యనునవి మెట్లపైఁ గన్నులకుఁ గట్టినట్లు తెలియును. తరువాత దానిని సంహితగాఁ బాడుట కంఠముయొక్కయు వీణయొక్కయుఁ బని.

కొన్ని గమకములు పియానోకుఁ గొంతవఱకు లొంగును. జంటస్వరములలో రెండవస్వరమును బలుకుటకు ముందు క్రిందిస్వరము నొక్కింత స్పృశించుట స్ఫురితము. వ్రేలి చురుకుఁదనముచే నిది మెట్లపైఁ జక్కఁగఁ బలుకును. కంపితమును జారును మాత్రము లొంగవు. కంపితమునకు బదులు రెండు మెట్లను వడివడిగా మార్చి మార్చి నొక్కుట కొందఱి యలవాటు. అది కంపితమువలె వినఁబడదు, రెండు స్వరముల తగవువలె వినఁబడును. అట్టిచోట స్వరమును సూటిగఁ బలికించి యూరకుండుటయే మేలు. మోహనము, హంసధ్వని, ఆరభి వంటి రాగములు స్వల్పగమకముతోను దమ రూపమును నిలుపుకొనును గాన మొదట వీనినే చేపట్టవలెను. తోడి, సావేరి, దేవగాంధారి వంటివానిని మెట్లపై నారంభింపఁగూడదు. కొన్ని విద్యుత్కీబోర్డులకు ధ్వనిని జరుపు చిన్నచక్ర మొకటి యుండును. జారును గంపితమును దానితో సాధింపవచ్చును గాని, కంఠమునఁ బట్టువడని గమకమును చక్రము నేర్పఁజాలదు.

శ్రుతివిషయమునఁ గూడ నొక సూచన యవసరము. నేఁటి మెట్లవాద్యములందు స్థాయిని సరిసమానమైన పండ్రెండు భాగములు చేసిరి. స్థాయిని 1200 సెంట్లుగా లెక్కించినచో మెట్టునకు 100 సెంట్లు. తంబురాతీఁగ మీటునపుడు దానంతటదియే వినవచ్చు నంతరగాంధారము షడ్జమునకు 5/4 నిష్పత్తిలో నుండును. అది 386 సెంట్లు. పియానోమెట్టు దానిని 400 చేసినది. ఈ 14 సెంట్ల హెచ్చు శ్రద్ధగల చెవికిఁ దెలియును. పంచమమున భేదము రెండు సెంట్లే, 702కు బదులు 700. అది యంతగాఁ దెలియదు. తీఁగయందుఁ దనంతనే పుట్టు స్వరములను రామామాత్యుఁడు స్వయంభువు లని పేర్కొని ప్రమాణముగాఁ గొనెను. కావున మెట్లపై గాంధారము నభ్యసించినవాఁడు అప్పుడప్పుడు తంబురాకడఁ గూర్చుండి తన గాంధారమును సరిచూచుకొనవలెను.

పాశ్చాత్యులు పియానోపై నెడమచేత స్వరసముదాయములను మార్చుచుఁ గుడిచేతి పాటకు దోడుగా వాయింతురు. అది వారి శాస్త్రమునకు భూషణము. రాగమునకు మాత్ర మది ప్రమాదము. ఏలయనఁగా సముదాయము మాఱినపుడెల్ల చెవి క్రొత్త విశ్రాంతిస్థానమును వెదకును, షడ్జము కదలిపోవును. నల్లమెట్ల నిదర్శనమునఁ జూపినట్లు, షడ్జము కదలినచో రాగమే మాఱును.

ఇట్లనుటచేత విదేశవాద్యములను నిందించుట యుద్దేశము గాదు. ఫిడేలును విదేశవాద్యమే. ముత్తుస్వామిదీక్షితుల సోదరుఁడు బాలుస్వామిదీక్షితులు (1786–1858) దానిని దక్షిణసంగీతమునకుఁ దెచ్చినవారిలో నగ్రగణ్యుఁడు. విజయనగరసంగీతకళాశాలను వెలయించిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి (1893–1964) చేతఁ బలికిన ఫిడేలు పరాయిదని యెవ్వరును ననలేదు. ఫిడేలునకు మెట్లు లేవు గాన గమకమున కడ్డులేదు. హార్మోనియమునకు మెట్లున్నవి, 1940లో నాఁటి ఆలిండియా రేడియో దానిని బహిష్కరించెను, 1971లోఁ గాని యా నిషేధము సడలలేదు. పుట్టిన దేశ మడ్డు కాలేదు, జరుగని స్వరమే యడ్డయ్యెను.

విదేశరీతిని దేశీయసంగీతమునకు సమన్వయింపఁ బూనినవారి చరిత్రమును నిట్టిదే. ఎ. ఎం. చిన్నస్వామి ముదలియారు 1893లో దక్షిణదేశకృతులను పాశ్చాత్యస్వరలిపిలోఁ బ్రకటించెను. ఆయన ప్రోత్సాహమును గారణముగా సుబ్బరామదీక్షితులు (1839–1906) సంగీతసంప్రదాయప్రదర్శినిని రచించెను. ఆ గ్రంథము 1904లో తమిళదేశమందలి యెట్టయపురమునఁ దెలుగులిపిలో నచ్చయ్యెను. అందు స్వరాక్షరములపైఁ గంపితము, స్ఫురితము, నొక్కు, జారు మొదలగువానికి వేర్వేఱు గుర్తులు గలవు. స్వరములు మాత్రమే వ్రాసినఁ జాలదని యా పండితుఁ డెఱిఁగెను. తెలుగు చదువనేర్చిన ప్రతివిద్యార్థికిని నేఁడును నందుబాటులోనుండు నిధి యది. మెట్లపై స్వరమును జూచుకొని, యా గ్రంథమున గుర్తును జూచి, పాడువారి నోట దానిని విని, పిదపఁ దాను బాడి, కడపట మెట్లపై వాయించుట యుత్తమమైన క్రమము. పాడనిదానిని వాయింపఁగూడదను నియమ మొక్కటి పాటించినను జాలును.

మొదటఁ జెప్పిన బాలునకు నింతతో సమాధానము దొరకును. వాని చెవి చెడలేదు. పెద్దల మాట కల్లయుఁ గాదు. వాఁడు రంగమును సిద్ధపఱచెను. అది వ్యర్థశ్రమ కాదు. రంగము లేక నాట్యము లేదు. కాని రంజధాతువునందలి యనునాసికము లోపించినఁ గాని రంగము రాగము గానట్లు, మెట్టునందలి కాఠిన్యము కంఠమునఁ గరఁగినఁ గాని స్వరము రాగము గాదు. ఆ కరఁగుట నేర్పువాఁడు గురువు. వాఁడు దొరకు వఱకు బాలుఁడు తంబురాశ్రుతిలో మోహనమును బాడుచు, పాడినదానిని నల్లమెట్లపై వెదకుకొనుచుండునుగాక.